వాచిన ఊపిరితిత్తులకు గురిపెట్టిన డెక్సామెథసోన్ లైపోసోమ్: ప్రాజెక్టు డైరీ

దశ 0: ఏం తయారు చేస్తున్నాం, ఎందుకు

ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు ఒక్కసారిగా విఫలమయ్యే తీవ్ర జబ్బు) ఊపిరితిత్తుల కేశనాళికల గోడలు వాచి, ప్రొటీన్ నిండిన నీరు గాలి తిత్తుల్లోకి కారుతుంది. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ప్రకారం రక్తంలో ఆక్సిజన్ పీడనాన్ని పీల్చే గాలిలోని ఆక్సిజన్ వాటాతో భాగిస్తే 300 లేదా అంతకంటే తక్కువ వస్తే ఏఆర్‌డీఎస్, 100 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైనది. వెంటిలేటర్ ఒక్కో శ్వాసలో ఇచ్చే గాలిని కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6 మిల్లీలీటర్లకు తగ్గిస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి దిగాయని 2000లో తేలింది. మందుల వైపు అలాంటి విజయాలు తక్కువ. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లపై 2014లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్సూ ఫలించలేదు. స్టెరాయిడ్ల కథ కొంత మెరుగు. 2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోన్ పనిచేసింది. అయితే ఆ మందు ఒళ్లంతా తిరుగుతుంది, చక్కెర పెంచుతుంది, ఇన్‌ఫెక్షన్లకు దారి తీస్తుంది.

అందుకే మందును లైపోసోమ్‌లో (కొవ్వు పొరతో చేసిన అతి చిన్న సంచి) పెట్టి, వాచిన రక్తనాళాల గోడ మీద పెరిగే ఐక్యామ్-1 అనే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీని పైన తగిలించి, నరంలోకి ఇస్తున్నాం. ముక్కు ద్వారా మందు పీల్పించే దారిని పక్కన పెట్టాం. నీళ్లు నిండిన భాగాలకు గాలి వెళ్లదు కాబట్టి, మందు అవసరమున్న చోటికే చేరదు.

జంతు ప్రయోగాలకు సంస్థ నైతిక కమిటీ అనుమతి, సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) ఫారం-బి ముందే కావాలి. ఫారంలో రాసే చిట్టెలుకల సంఖ్యను నాలుగో, అయిదో దశల్లోని గ్రూపుల లెక్క వేసుకున్నాకే నింపండి. తర్వాత సంఖ్య పెంచాలంటే మళ్లీ మొదటికొస్తుంది.

దశ 1: లైపోసోమ్, మందు

మొదటి డిజైన్‌లో మామూలు డెక్సామెథసోన్‌ను కొవ్వుతో కలిపి ఫిల్మ్ చేశాం. సైజు బాగుంది, లోడింగ్ బాగుంది. సీరంలో (కణాలు తీసేసిన రక్తపు ద్రవం) పెట్టగానే మందు బయటకొచ్చేసింది. కారణం తేలికే. కొవ్వును ఇష్టపడే మందు పొరలోనే ఇరుక్కుని ఉంటుంది, చుట్టూ ఆల్బుమిన్, లైపోప్రొటీన్లు కనపడగానే వాటికి అంటుకుంటుంది. అలాంటి లైపోసోమ్‌కు ఎంత మంచి యాంటీబాడీ తగిలించినా ఊపిరితిత్తికి చేరేది ఖాళీ సంచే. గురి సంగతి తర్వాత, ముందు మందు లోపల నిలవాలి.

మార్పు: నీటిలో కరిగే డెక్సామెథసోన్ సోడియం ఫాస్ఫేట్. ఇది లోపలి నీటిలో ఉంటుంది, పొర దాటలేదు. ఆసుపత్రి ఇంజెక్షన్ వాడొద్దు. అందులో మందు మిల్లీలీటరుకు 4 మి.గ్రా. మాత్రమే, పైగా ప్రిజర్వేటివ్ కలుస్తుంది. పొడి కొనండి.

ఒక బ్యాచ్‌కు (మొత్తం లిపిడ్, అంటే కొవ్వు, 20 మైక్రోమోల్స్, 1 మి.లీ.):

1. డీపీపీసీ (పొరకు ప్రధాన ఫాస్ఫోలిపిడ్) 8.5 మి.గ్రా., కొలెస్ట్రాల్ 3.1 మి.గ్రా., చివర అజైడ్ (మూడో దశలో యాంటీబాడీ అతుక్కునే కొక్కెం) ఉన్న పెగ్ తోక లిపిడ్ డీఎస్‌పీఈ-పెగ్2000 1.1 మి.గ్రా. మోలార్ నిష్పత్తి 58:40:2.
2. క్లోరోఫామ్‌లో కలిపి రోటరీ ఇవాపొరేటర్‌లో ఆరబెట్టండి. ఫిల్మ్ దోసెలా పల్చగా పరుచుకోవాలి, అంచుల్లో గడ్డ కట్టకూడదు. తర్వాత రాత్రంతా వాక్యూమ్‌లో ఉంచండి.
3. మందు ద్రావణం: మిల్లీలీటరుకు 50 మి.గ్రా., పీహెచ్ 7.4. దీన్నీ ఫ్లాస్కునూ 50 డిగ్రీలకు వేడి చేసి కలపండి. డీపీపీసీ 41 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకంటే చల్లగా ఉంటే ఫిల్మ్ ముక్కలుగా ఊడుతుంది.
4. ద్రవ నైట్రోజన్‌లో గడ్డ కట్టించి 50 డిగ్రీల నీటిలో కరిగించండి, 5 సార్లు.
5. 50 డిగ్రీల బ్లాక్ మీద ఎక్స్‌ట్రూడర్‌లో 200 నానోమీటర్ల మెంబ్రేన్ గుండా 11 సార్లు తోయండి. బేసి సంఖ్య ఎందుకంటే చివరికి శాంపిల్ ఎదుటి సిరంజిలో ఉండాలి. మొదలుపెట్టిన సిరంజిలో దాటని పెద్ద కణాలు మిగిలి ఉంటాయి.

50 మి.గ్రా. అనే అంకె ఊరికే పెట్టింది కాదు. అణుభారం 516, కాబట్టి 50 మి.గ్రా. అంటే 97 మిల్లీమోలార్. అణువుకు మూడు అయాన్లు, మొత్తం దాదాపు 290 మిల్లీఆస్మోల్స్. రక్తంతో, పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి బఫర్) సరిపోతుంది. ఎక్కువ మందు పడుతుందని 100 మి.గ్రా.తో చేస్తే, పీబీఎస్‌లోకి మార్చగానే నీరు లోపలికి దూకి లైపోసోమ్‌లు ఉబ్బి లీకవుతాయి. మెంబ్రేన్ తడపడానికి కూడా పీబీఎస్ కాకుండా అదే మందు ద్రావణం వాడండి, లేకపోతే మందు పల్చబడుతుంది.

ఎంత మందు లోపలుండాలో ముందే లెక్కేసుకోండి. 150 నానోమీటర్ల ఒంటి పొర లైపోసోమ్‌లు ఒక మైక్రోమోల్ లిపిడ్‌కు దాదాపు 3.5 మైక్రోలీటర్ల నీటిని పట్టుకుంటాయి. 20 మైక్రోమోల్స్‌కు 70 మైక్రోలీటర్లు, అంటే మొత్తంలో 7 శాతం. వేసిన 50 మి.గ్రా.లో లోపల ఉండగలిగేది 3.5 మి.గ్రా. మీ కొలతలో 30 శాతం, 40 శాతం కనిపిస్తే సంబరపడొద్దు. బయటి మందు పోలేదన్నమాట. మిగతా 93 శాతం వృథాయే, కానీ ఇది చవకైన మందు, లిపిడ్‌దే ఖర్చు.

సైజు కొలతలో 140–180 నానోమీటర్లు, పీడీఐ (సైజుల్లో తేడాకు కొలమానం) 0.15 లోపు ఉంటేనే ముందుకు. అంతకు మించితే మెంబ్రేన్ చిరిగిందో లేదో చూడండి. తోసేటప్పుడు బిగువు ఒక్కసారిగా తగ్గితే అది చిరిగినట్టే.

ఇప్పటిదాకా లెక్క: లిపిడ్ 20 మైక్రోమోల్స్‌తో మొదలు, ఎక్స్‌ట్రూడర్ తర్వాత 17.

దశ 2: బయటి మందు తీసెయ్యడం, లోపలిది కొలవడం

డయాలిసిస్‌తో మొదలెట్టి వదిలేశాం. బయట మిల్లీలీటరుకు దాదాపు 50 మి.గ్రా. ఉన్నప్పుడు సంచిని ఎన్నిసార్లు నీళ్లు మార్చినా చివరి ఒక శాతం మొండికేస్తుంది. ఆ ఒక శాతం కూడా 0.5 మి.గ్రా., లోపలున్న దానిలో ఏడో వంతు. ఇప్పుడు సెఫరోస్ సీఎల్-4బీ కాలమ్ (పెద్దవాటిని ముందు, చిన్న అణువులను వెనక దింపే గొట్టం), పీబీఎస్‌తో. లైపోసోమ్‌లు పాలపొగలా ముందు దిగుతాయి, మందు బాగా వెనక. మధ్యలో ఖాళీ ఫ్రాక్షన్లు (వరసగా పట్టిన శాంపిళ్లు) కనీసం నాలుగైనా లేకపోతే కాలమ్ పొట్టిదైనట్టు.

లోపలి మందును హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) 240 నానోమీటర్ల దగ్గర కొలవాలి, లైపోసోమ్‌లను మెథనాల్‌తో పగలగొట్టాక.

లిపిడ్ కొలతలో ఒక ఉచ్చు ఉంది. చాలా ప్రొటోకాల్స్ ఫాస్ఫరస్ పరీక్ష చెయ్యమంటాయి. ఇక్కడ మందులోనూ ఫాస్ఫరస్ ఉంది. బ్యాచ్‌లో ఫాస్ఫోలిపిడ్ 12 మైక్రోమోల్స్ అయితే, లోపలున్న 3.5 మి.గ్రా. మందు మరో 6.8 మైక్రోమోల్స్ ఫాస్ఫరస్ చూపిస్తుంది. 12 ఉన్నచోట 18.8 అని వస్తుంది. లిపిడ్ ఎక్కువున్నట్టు, దానికి తగ్గట్టు మందు నిష్పత్తి తక్కువున్నట్టు కనిపిస్తుంది. పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ అదనం. దీని బదులు క్లినికల్ ల్యాబుల్లో వాడే కొలెస్ట్రాల్ కిట్ వాడండి, ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో పొర కరిగించి. మిశ్రమంలో కొలెస్ట్రాల్ 40 శాతం కాబట్టి వచ్చిన అంకెను 2.5తో గుణిస్తే మొత్తం లిపిడ్.

సీరం లీక్ పరీక్ష (దీన్ని దాటకుండా చిట్టెలుక దగ్గరికి వెళ్లొద్దు):

1. 50 శాతం చిట్టెలుక సీరం, 37 డిగ్రీలు.
2. 0, 1, 4, 24 గంటలకు కొంత తీసి మళ్లీ సీఎల్-4బీ కాలమ్ మీద పోయండి.
3. లైపోసోమ్ ఫ్రాక్షన్లనూ వెనకొచ్చే ఫ్రాక్షన్లనూ విడిగా కొలవండి.
4. రెండింటి మొత్తం మొదటి అంకెకు 90 శాతం పైన రావాలి.

నాలుగోది కుదరకపోతే ఎక్కువసార్లు కారణం ఇదీ: సీరంలోని ఫాస్ఫటేజ్ లీకైన మందు నుంచి ఫాస్ఫేట్‌ను తుంచేస్తుంది, అది మామూలు డెక్సామెథసోన్‌గా మారి వేరే చోట పీక్ ఇస్తుంది. ఫాస్ఫేట్ పీక్ ఒక్కటే లెక్కపెడితే మందు మాయమైనట్టు ఉంటుంది. రెండు పీక్‌లూ కలపండి. లైపోసోమ్ లోపలున్న దానికి ఎంజైమ్ తగలదు కాబట్టి, డెక్సామెథసోన్ పీక్ పెరగడమే లీక్‌కు మంచి గుర్తు.

నిల్వ 4 డిగ్రీల ఫ్రిజ్‌లో. ఫ్రీజర్‌లో పెడితే మంచు స్ఫటికాలు పొర చీల్చేస్తాయి.

ఇప్పటిదాకా లెక్క: కాలమ్ తర్వాత 14 మైక్రోమోల్స్, 0.22 మైక్రాన్ ఫిల్టర్ తర్వాత 12. మందు 2.1 మి.గ్రా. లైపోసోమ్ కణాలు సుమారు 28 లక్షల కోట్లు.

దశ 3: యాంటీబాడీ

వాడింది వైఎన్1/1.7.4 క్లోన్, చిట్టెలుక ఐక్యామ్-1ను పట్టుకునే రాట్ యాంటీబాడీ. పోలికకు అదే సబ్‌క్లాస్ రాట్ ఐజీజీ (ఏ గురీ లేని యాంటీబాడీ). యాంటీబాడీ మీద డీబీసీఓ, లైపోసోమ్ మీద అజైడ్: ఒకదాన్నొకటి పట్టుకునే ఈ రెండు రసాయన గుంపులూ రాగి అవసరం లేకుండా కలుస్తాయి.

ఈ రసాయనంలో సీసా లేబుల్ చదవకపోవడమే పెద్ద నష్టం. చాలా యాంటీబాడీలు సోడియం అజైడ్ కలిపి వస్తాయి. ఆ అజైడ్ డీబీసీఓని ముందే తినేస్తుంది, లైపోసోమ్‌కు ఏమీ మిగలదు. ట్రిస్ లేదా గ్లైసీన్ ఉన్న బఫర్ అయితే డీబీసీఓని యాంటీబాడీకి తగిలించే ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్‌ను తినేస్తుంది. అజైడ్ లేనిదే కొనండి, ఎలా వచ్చినా ముందు డీసాల్టింగ్ కాలమ్ మీద పీబీఎస్‌లోకి మార్చండి.

1. యాంటీబాడీ మిల్లీలీటరుకు 2 మి.గ్రా., పీహెచ్ 8.
2. డీబీసీఓ-పెగ్4-ఎన్‌హెచ్‌ఎస్ అయిదు రెట్లు, మోల్స్‌లో. గది ఉష్ణోగ్రతలో గంట.
3. డీసాల్టింగ్ కాలమ్ రెండుసార్లు.
4. 280, 309 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ చూడండి.
5. 6 మైక్రోమోల్స్ లైపోసోమ్‌కు 0.25 మి.గ్రా. యాంటీబాడీ, 4 డిగ్రీల్లో రాత్రంతా.
6. అతుక్కోని యాంటీబాడీ పోవడానికి మళ్లీ సీఎల్-4బీ.

నాలుగో మెట్టు లెక్క ఉదాహరణతో: మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఐజీజీ 280 దగ్గర 1.40 ఇస్తుంది. ఒక్కోదానికి 2.5 డీబీసీఓలు ఉంటే 309 దగ్గర 0.20 వస్తుంది (గుణకం 12,000). డీబీసీఓ 280 దగ్గర కూడా వెలుగు పీలుస్తుంది, 309 అంకెకు 1.089 రెట్లు. కాబట్టి మీటరు 1.62 చూపిస్తుంది. సరిదిద్దకపోతే యాంటీబాడీ 16 శాతం ఎక్కువున్నట్టు రాసుకుంటారు.

యాంటీబాడీకి 2–3 డీబీసీఓలు చాలు. పది రెట్లతో చేసి చూశాం. నీళ్లంటే పడని గుంపులు పెరిగి యాంటీబాడీలు ఒకదానికొకటి అంటుకున్నాయి, పీడీఐ పెరిగింది. ఇంకా పెద్ద చిక్కు నాలుగో దశలో బయటపడింది.

0.25 మి.గ్రా.లో 70 శాతం అతుక్కుంటే కణానికి దాదాపు 50 యాంటీబాడీలు. గది లైటులో కూడా తేడా తెలుస్తుంది. మంచి బ్యాచ్ నీలి మెరుపుతో అర్ధపారదర్శకంగా ఉంటుంది, గుంపు కట్టింది పాలలా తెల్లబడుతుంది.

ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ విషం) పరీక్ష, ఎల్‌ఏఎల్, ఇక్కడ చేసి తీరాలి. వాపు తగ్గించే మందులోనే వాపు తెచ్చే పదార్థం ఉంటే ఫలితాలకు అర్థముండదు. నరంలోకి ఇచ్చేవాటికి పరిమితి గంటకు, కిలోకు 5 యూనిట్లు, 25 గ్రాముల చిట్టెలుకకు 0.125. లైపోసోమ్ మసక పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. పల్చన చేసి, తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపి చూసి, 50–200 శాతం తిరిగి దొరికితేనే ఆ రీడింగ్ నమ్మండి.

ఇప్పటిదాకా లెక్క: ఒక్కో రకానికి (ఐక్యామ్, పోలిక ఐజీజీ) 5 మైక్రోమోల్స్, మందు 0.87 మి.గ్రా. డోసుకు 25 మైక్రోగ్రాములు (కిలోకు 1 మి.గ్రా.) చొప్పున 34 డోసులు. ఉప్పు భారం తీసేస్తే అసలు డెక్సామెథసోన్ 19 మైక్రోగ్రాములు. శరీర ఉపరితల లెక్కన 60 కిలోల మనిషికి 3.7 మి.గ్రా.తో సమానం, అంటే వార్డులో ఇచ్చే 6 మి.గ్రా. కంటే తక్కువ. దీన్ని కావాలనే ఎంచుకున్నాం. భారీ డోసు స్టెరాయిడ్ ఎలా ఇచ్చినా చిట్టెలుకలో వాపు తగ్గుతుంది, దానికి గురి అక్కర్లేదు.

దశ 4: చిట్టెలుక మోడల్, గురి పరీక్ష

సీ57బీఎల్/6 రకం మగ చిట్టెలుకలు, 8–10 వారాలు, 22–26 గ్రాములు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు జీనోమ్ వ్యాలీలోని ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రం దగ్గర. ఎక్కడి నుంచి తెచ్చినా వారం రోజులు స్థిమితపడనివ్వండి.

1. ఎల్‌పీఎస్ (ఊపిరితిత్తుల్లో వాపు తెప్పించే బ్యాక్టీరియా ఎండోటాక్సిన్, ఈ.కోలై ఓ111:బీ4) మొత్తం ప్రయోగానికి ఒకే లాట్. వాడే ముందు పది నిమిషాలు సోనికేటర్‌లో. ఇది ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది, కలపకుండా తీస్తే మొదటి చిట్టెలుకకో డోసు, చివరిదానికో డోసు.
2. మత్తుకు కీటమిన్ కిలోకు 100 మి.గ్రా., జైలజీన్ 10 మి.గ్రా. కింద వెచ్చని ప్యాడ్.
3. ముందు పళ్లను దారంతో తగిలించి ఏటవాలు బోర్డు మీద పడుకోబెట్టండి. గొంతు మీద బయటి నుంచి లైటు వేస్తే లోపల స్వరపేటిక తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తుంది.
4. 22 గేజ్ ఐవీ కాన్యులా లోపలికి. దాని మూతిలో ఒక బొట్టు సెలైన్ పెట్టండి. ఊపిరితో బొట్టు పైకీ కిందకీ ఊగితే శ్వాసనాళంలో ఉన్నట్టు, కదలకపోతే అన్నవాహికలో.
5. 25 మైక్రోగ్రాముల ఎల్‌పీఎస్ 50 మైక్రోలీటర్లలో, వెంటనే 150 మైక్రోలీటర్ల గాలి.

బొట్టు పరీక్ష లేకుండా చేసిన గ్రూపుల్లో కొన్ని చిట్టెలుకలకు వాపే రాదు. వాటిని మందు పనిచేసినవిగా లెక్కేసే ప్రమాదం ఉంది. ఈ రంగంలో చాలా మంచి ఫలితాలు పుట్టేది ఇక్కడేనని నా అనుమానం.

ఊపిరితిత్తిని కడగడం: పీబీఎస్, 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.8 మి.లీ. చొప్పున మూడుసార్లు. మొదటి కడుగు విడిగా (ప్రొటీన్, సైటోకైన్‌లకు), కణాలకు మూడూ కలిపి. 80 శాతం కంటే తక్కువ తిరిగి వస్తే ఆ శాంపిల్ పక్కన పెట్టండి. ఆరోగ్యంగా ఉన్నదానిలో ఒకటి రెండు లక్షల కణాలు, దాదాపు అన్నీ మ్యాక్రోఫేజ్‌లే. ఎల్‌పీఎస్ తర్వాత 24 గంటలకు 10–30 లక్షలు, అత్యధికం న్యూట్రోఫిల్స్ (వాపున్న చోటికి చేరే తెల్ల రక్తకణాలు). ప్రొటీన్ లీక్ మాత్రం మెల్లగా 48–72 గంటలకు పెరుగుతుంది. అందుకే కొలిచే వేళను 24 నుంచి 48 గంటలకు మార్చాం. ఎర్రగా వచ్చిన శాంపిల్‌లో రక్తం ప్రొటీన్ కలుస్తుంది, దాన్ని లీక్‌గా లెక్కపెట్టొద్దు. లీక్‌కు ఐజీఎం (చాలా పెద్ద యాంటీబాడీ) ఎలైసా పరీక్ష కూడా చేశాం. అంత పెద్ద అణువు మంచి గోడను దాటి రాదు.

గురి పరీక్షకు రేడియో అయోడిన్ మేలు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) లైసెన్సు లేనిచోట లిపిడ్‌లో డీఐఆర్ రంగు. ఇంజెక్షన్ అయిన 30 నిమిషాలకు ఊపిరితిత్తినీ రక్తాన్నీ కొలిచి, గ్రాముకు ఊపిరితిత్తి అంకెను రక్తం అంకెతో భాగించండి. ఐక్యామ్ లైపోసోమ్‌లకు వచ్చిన దాన్ని మళ్లీ పోలిక ఐజీజీ లైపోసోమ్‌లకు వచ్చిన దానితో భాగించండి. రక్తాన్ని సెలైన్‌తో కడగకుండా కొలిస్తే వాచిన ఊపిరితిత్తిలో ఆగిన రక్తమే గురిలా కనిపిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవాటిలో పోలిక లైపోసోమ్‌లు ఊపిరితిత్తిలో ఆగలేదు. వాచినవాటిలో బాగానే ఆగాయి, ఏ గురీ లేకుండా. డీబీసీఓ ఎక్కువున్న బ్యాచ్‌లో మరీ ఎక్కువ. వాచిన కేశనాళికల్లో తిష్ఠ వేసిన న్యూట్రోఫిల్స్, గుంపు కట్టిన ప్రొటీన్ ఉన్న లైపోసోమ్‌లను మింగుతాయి. డీబీసీఓని 2–3కి దించింది ఈ ఫలితం చూశాకే. ఆరోగ్యంగా ఉన్న జంతువులో గురి చూపించి ఊరుకుంటే ఇది దొరకదు.

ఇప్పటిదాకా చిట్టెలుకలు: ఎల్‌పీఎస్ డోసు చూసుకోవడానికి 12, గురి పరీక్షకు 4 గ్రూపులు × 4 = 16. మొత్తం 28.

దశ 5: వైద్యం

ఎల్‌పీఎస్‌కు ముందు మందిస్తే గ్రాఫులు అందంగా వస్తాయి. ఏ రోగీ జబ్బుకు ముందు ఐసీయూకి రాడు. ఇక్కడ ఎల్‌పీఎస్ ఇచ్చిన 6 గంటల తర్వాత తోక నరంలోకి, 150 మైక్రోలీటర్లు.

1. ఆరోగ్యంగా ఉన్నవి, బఫర్
2. ఎల్‌పీఎస్, బఫర్
3. ఎల్‌పీఎస్, అంతే డోసు మందు, లైపోసోమ్ లేకుండా
4. ఎల్‌పీఎస్, ఐక్యామ్ లైపోసోమ్, మందు లేకుండా
5. ఎల్‌పీఎస్, పోలిక ఐజీజీ లైపోసోమ్, మందుతో
6. ఎల్‌పీఎస్, ఐక్యామ్ లైపోసోమ్, మందుతో

గ్రూపుకు 8 అంటే రెండు గ్రూపుల మధ్య 1.5 ప్రామాణిక విచలనాల తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోగలం. అంతకంటే చిన్న తేడా ఇందులో దొరకదు.

నాలుగో గ్రూపును తీసేసి 8 చిట్టెలుకలు ఆదా చేద్దామనే మాట ప్రతి మీటింగులోనూ వస్తుంది. ఒప్పుకోవద్దు. వైఎన్1/1.7.4 ఐక్యామ్-1ను పట్టుకోవడమే కాదు, న్యూట్రోఫిల్ దానికి అతుక్కోకుండా అడ్డుకుంటుంది కూడా. మందు లేకపోయినా కడుగులో న్యూట్రోఫిల్స్ తగ్గొచ్చు. మందు పని తెలిసేది ఆరును నాలుగుతో పోల్చినప్పుడే. గురి పని ఆరును అయిదుతో, లైపోసోమ్ వల్ల ఒరిగింది ఆరును మూడుతో. రెండో గ్రూపుతో పోలిస్తే ఏదైనా బాగుంటుంది. అదొక్కటే చూపించే పేపర్లను పక్కన పెట్టొచ్చు.

మొత్తం 48ని ఒకే పూట చెయ్యడం కుదరదు. మొదటి చిట్టెలుకకూ చివరిదానికీ గంటల తేడా వస్తుంది, 48 గంటల కొలతా అలాగే జారుతుంది. 24 చొప్పున రెండు బ్లాకులు, ప్రతి బ్లాకులో ఆరు గ్రూపులూ నాలుగేసి. లెక్కల్లో బ్లాకును విడి కారకంగా పెట్టండి. సీసాల మీద అక్షరాలే ఉండాలి, కోడ్ వేసినవాళ్లు కణాలు లెక్కపెట్టకూడదు. 4వ గ్రూపు సీసా మిగతావాటిలాగే మసకగా ఉంటుంది, 1, 2, 3 మాత్రం తేటగా ఉంటాయి. ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లకు తెలియకుండా ఉండాలంటే సిరంజి చుట్టూ టేపు వెయ్యాలి.

స్టెరాయిడ్ దుష్ఫలితాల కోసం రక్తంలో చక్కెర, ప్లీహం, థైమస్ (స్టెరాయిడ్‌తో కుంచించుకుపోయే రోగనిరోధక గ్రంథి) బరువు కూడా తీయండి. గురిపెట్టిన మందు వల్ల లాభం ఉందనాలంటే ఊపిరితిత్తి బాగుపడటంతో పాటు థైమస్ మూడో గ్రూపులో కంటే తక్కువ కుంచించుకుపోవాలి. లైపోసోమ్‌లలో ఎక్కువ భాగం ఎలాగూ కాలేయానికి, ప్లీహానికే పోతుంది. కాబట్టి ఇది ముందే తేలిపోయే సంగతి కాదు.

మొత్తం చిట్టెలుకలు: 28 + 48 = 76. డోసులు: ఐక్యామ్-మందు 8, పోలిక-మందు 8. బ్యాచ్‌లో ఒక్కో రకానికి 34 ఉన్నాయి కాబట్టి రెండు బ్లాకులకూ ఒకే బ్యాచ్ సరిపోతుంది. కానీ బ్లాకుల మధ్య వారం దాటితే రెండో బ్లాకు ముందు సైజు, లీక్ మళ్లీ చూడాలి. బయటి మందు 5 శాతం దాటితే కాలమ్ మీద ఇంకోసారి పోసి, డోసు మళ్లీ కొలిచి వాడండి.

తర్వాతి బ్యాచ్‌లో మార్చేవి: యాంటీబాడీకి బదులు దాని ఫ్యాబ్ ముక్క, అంటే లక్ష్యాన్ని పట్టుకునే భాగం మాత్రమే (ఎఫ్‌సీ తోక పోతే న్యూట్రోఫిల్స్ మింగడం ఎంత తగ్గుతుందో చూడటానికి), కణానికి 50 బదులు 25, ఇంకా ఎల్‌పీఎస్ ఇచ్చిన 6 గంటలకు కాకుండా 12 గంటలకు మందు.